గీత ఎక్కిందా, నర్సమ్మా?

నా భార్య పోయిన నెల నెల్లూరు ఆసుపత్రిలో కన్నుమూసింది. కామెర్లు ముదిరాయి. ఎక్కువ రోజులు పట్టలేదు.

మీలో చాలామందికి ఆమె తెలియదు. బోగోలు అవతల సముద్రం ఒడ్డు పాళేల్లో ఆమె నర్సమ్మ. అక్కడి చంటిపిల్లల్ని నెలనెలా తూచేది, పొడవు కొలిచేది. నేను కాలేజీలో లెక్కలు చెబుతాను. ఆమె తెచ్చిన అంకెలకు గీతలు గీసేవాణ్ణి. మా సంసారంలో సగం మాటలు వాటి గురించే. మిగతా సగం నాకే ఉండనివ్వండి.

మొదట్లో పాళెంలో ఎవరూ బిడ్డను తూచనిచ్చేవాళ్ళు కారు. త్రాసుకు చేపను వేలాడదీస్తారు గాని బిడ్డనా? దిష్టి తగలదూ? ఆమె వాదించలేదు. మర్నెల కాటుక భరిణె తీసుకుపోయింది. తూచేముందు ప్రతి బిడ్డ బుగ్గ మీదా తనే చుక్క పెట్టింది. "దిష్టి సంగతి నేను చూసుకున్నా. బిడ్డని ఎక్కించండమ్మా" అంది. ఎక్కించారు.

తర్వాత పౌన్లు పోయి కిలోలు వచ్చాయి. కొత్త త్రాసు కట్టిన రోజు సెలవు కాబట్టి నేనూ వెళ్ళాను. ఒక తల్లి గొల్లుమంది.

"పోయిన నెల పదహారన్నావు, ఇప్పుడు ఏడంటావు! సగం బిడ్డ యాడికి పోయింది నర్సమ్మా?"

"ఉప్పుగాలికి కరిగిపోయుంటాది మే!" అని పక్కావిడ.

అందరూ నవ్వారు. మా ఆవిడా నవ్వింది. కానీ ఆ రోజు నుంచి ఆమె తల్లులకు అంకె చెప్పడం మానేసింది. ప్రతి బిడ్డకూ ఒక గళ్ళ అట్ట ఉండేది. దాని మీద బరువు గీత పొడిగించి చూపించేది, అంతే. కొన్నాళ్ళకు బావి దగ్గర ఆడవాళ్ళు ఒకరినొకరు పలకరించుకునే మాటే అదయింది: "మీవాడి గీత ఎక్కిందా?"

ఇంట్లో మా తగువు వేరు. ఆమె తెచ్చిన బరువులన్నీ కాగితం మీద పెట్టి, వాటి మధ్యగా పోయే సూత్రం ఒకటి కట్టాను. మొదటి నెలల్లో నిటారుగా లేచి, ఏడాది దగ్గర పడేకొద్దీ వంగే గీత. అక్కడక్కడా గుంటలు పడుతుంటే నునుపు చేశాను. ఆమె కాఫీ గ్లాసు పక్కన పెట్టి చూసింది.

"ఆ గుంటలు పూడ్చకండి. అది ముసురు. పడవలు ఇసక మీదుండే నెలలు."

"సూత్రంలో ముసురు ఎలా పెట్టను?"

"ఎమ్మే చదివింది మీరు కదా" అంది.

పెట్టాను. గీత బాగా కుదిరింది. నా చదువు వల్ల ఎవరికైనా కాస్త పని జరిగిందంటే అది ఆమె వల్లే.

ఆమె తరచుగా అనే మాట ఒకటుంది: "బిడ్డ ఎక్కడుందని కాదు, ఎటు పోతోందని చూడాలి." పాళెంలో ఒక అవ్వ మనవరాలు బొద్దుగా ఉండేది. బరువు సగటుకు పైనే. గీత మాత్రం కొన్ని నెలలుగా చదునుగా పోతోంది. తల్లి మళ్ళీ కడుపుతో ఉంది. కడుపుతో ఉన్నామె పాలు బిడ్డకు పడవని మాన్పించారు. "ముందు బరువు ఆగుతుంది, తర్వాత పొడవు. పొడవు ఆగకముందే పట్టుకోవాలండీ" అంది నాతో. అవ్వ ఒప్పుకోలేదు.

"బొద్దుగుండే బిడ్డని చూసి ఓర్వలేక అంటావుండావు నర్సమ్మా."

"ఏం పెడతన్నారవ్వా?"

"గంజి."

"పందిరి మీద అన్ని నెత్తళ్ళు ఎండబెట్టుకోని, బిడ్డకి గంజా?"

"అవి సంతకి. ముల్లు గుచ్చుకుంటే నువ్వొస్తావా తీసేదానికి?"

మా ఆవిడ అక్కడే ఇసకలో కూర్చుంది. ఆ చిన్న ఎండు చేపలు నాలుగు ఉడికించమంది. వేళ్ళతో ముళ్ళు తీసి, అన్నంలో మెత్తగా మెదిపి, మొదటి ముద్ద తను తింది. రెండోది బిడ్డకు పెట్టింది. బిడ్డ మళ్ళీ నోరు తెరిచింది.

అవ్వ అంది, "నెల చూస్తా. గీత ఎక్కకపోయిందో, ఈ పాళెంలో నీ త్రాసు కట్టనీను."

అది ముసురు నెల. నా సూత్రం ప్రకారం అందరి గీతలూ కిందికి దిగాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

తూచే రోజు నేను సెలవు పెట్టి వెళ్ళాను. సన్నగా జల్లు. పడవలు ఒడ్డునే ఉన్నాయి. ఆ ఇంట్లో మాత్రం నెత్తళ్ళు ఒక కుండెడు సంతకు పోకుండా మిగిలాయని కోడలు నవ్వుతూ చెప్పింది. "నోర్ముయ్యే" అని అవ్వ కసిరింది. బిడ్డ గుడ్డ ఉయ్యాలలో వేలాడింది. త్రాసు ముల్లు ఊగి నిలిచింది. మా ఆవిడ పెన్సిలు తీసి గీసి, అట్టను అవ్వ చేతికిచ్చింది.

అవ్వ దాన్ని మోకాలి మీద పెట్టుకుంది. వేలు గీత మొదట్లో ఆనించి నడిపించింది. చదునుగా ఉన్నచోట ఆగింది. తర్వాత వేలు పైకి తిరిగింది. పెన్సిలు గీత అయిపోయింది. వేలు ఆగలేదు. చేప పొలుసు అంటుకున్న ఆ వేలు, ఇంకా ఏమీ గీయని గళ్ళ మీద పైకి పోతూనే ఉంది. నా భార్య అట్ట వెనక్కి అడగకుండా, జల్లులో అలాగే నిలబడింది.