సహన క్యాలెండర్‌లో ఎర్ర కుట్లు

బెంగళూరు బొమ్మనహళ్ళిలోని గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే భాగీరథమ్మ ఇంట్లో గోడ క్యాలెండర్‌ను కూడా కుట్టేది. ఎనిమిదేళ్ళ కూతురు సహనకు వాంతులు పట్టుకున్న ప్రతి తేదీ మీదా ఎర్ర దారంతో ఒక కుట్టు. నెలన్నరకోసారి తెల్లవారుజామున మొదలై, రెండు రోజులు పిల్లను పిండేసేవి. మూడో రోజుకు ఏమీ ఎరగనట్టు లేచి తొక్కుడుబిళ్ళ ఆడేది. ఆస్పత్రిలో చేయించిన పరీక్షలన్నీ బాగానే ఉన్నాయన్నారు.

“దిష్టే! సంబరమొస్తే చాలు, పడకేస్తాది” అనేది అత్త కమలమ్మ.

అందుకని పండగనాడు పిల్లకు ముద్ద పెట్టేవారు కారు. కడుపులో ఏమీ లేకుంటే కక్కేదేముందని అత్తాకోడళ్ళ ధీమా.

2003లో సహన స్కూల్ డే కోలాటంలో ముందు వరుసకు ఎంపికైంది. వెనకటి రెండేళ్ళూ ఆ రోజు బకెట్ పక్కనే గడిచింది. ఈసారైనా బిడ్డ ఆడాలని భాగీరథమ్మ క్యాలెండర్‌ను చుట్ట చుట్టుకెళ్ళి పిల్లల డాక్టర్ ఫాతిమా ముందు పరిచింది.

“ఇదేం రోజు?”

“మా తమ్ముడి పెండ్లి మేడమ్.”

“ఇది?”

“లాల్‌బాగ్ టూరు. ముందురోజు నిద్రే పోలేదు.”

“పొద్దున ఏం తినింది?”

“ఏమీ పెట్టలేదు మేడమ్, కక్కకూడదని. సంబరమొస్తే దిష్టి తగుల్తాదంటాది మా అత్త.”

ఫాతిమా నవ్వింది. “మీ అత్తకి తేదీలు దొరికాయమ్మా, కారణమే దొరకలేదు. ఇది విడతలు విడతలుగా వచ్చే వాంతుల జబ్బు. మీ పాపకు ఎక్కువ సంతోషం, తక్కువ నిద్ర, ఖాళీ కడుపు మూడూ కలిస్తే మొదలవుతోంది. వేళకు తిండి పెట్టండి, వేళకు పడుకోబెట్టండి. వికారం అనగానే నేను రాసిన మందు వేసి, చీకటి గదిలో ఉంచి, చెంచాతో నీళ్ళు తాగించండి. ఒంటేలు తగ్గినా, మగతగా ఉన్నా ఆగకుండా ఆస్పత్రికి తీసుకురండి. పెద్దయ్యేకొద్దీ చాలామందికి తగ్గిపోతుంది.”

స్కూల్ డే ముందురోజు రాత్రి కమలమ్మ వఠారమంతా తిరిగి టీవీలు ఆపించింది. “మా పాప నిద్రపోతాండాదప్పా!” పొద్దున సహన నాలుగిడ్లీలు తినింది.

కోలాటం జోరందుకుంది. సహన కోలలు తప్పలేదు. చప్పట్లు కొడుతూనే భాగీరథమ్మ కళ్ళు తిరిగి కూలబడింది. కంగారులో పొద్దుటి నుంచి తానేమీ తినలేదు!

ఆట ముగించి పరిగెత్తుకొచ్చిన సహన, సంచిలోంచి అరటిపండు తీసి ఒలిచింది.

“నాకు చెప్తావే, నీకు లేదా? తిను ముందు!”

“ఈసారి దిష్టి నీకు తగిలినట్టుండాదే” అంది కమలమ్మ, కోడలి వీపు నిమురుతూ.

నోటినిండా అరటిపండుతో భాగీరథమ్మ పకపకా నవ్వింది.