పెనం మీద సగం ఉల్లిపాయ

సూరత్‌లోని ఆల్థాన్‌లో మా వదిన నడిపే దోశల బండికి ఫోన్‌లో ప్రచారం చేసే పని నాది. పొద్దున డబ్బు కట్టి మా బండి రీల్‌ను ఊరంతా తిప్పాను. సాయంత్రం వరాఛా నుంచి ఒకావిడ హిందీలో మెసేజ్ పెట్టింది: "రేపు ఫంక్షన్‌కి వంద సాదా దోశలు కావాలి. చట్నీ మాదే. మేం జైనులం, ఉల్లి తగలకూడదు. కుదురుతుందా?"

సాదా దోశలో ఉల్లి ఎక్కడిది? "తప్పకుండా" అని టైప్ చేసి, పంపబోతూ వదినకు చెప్పాను. సగం ఉల్లిపాయతో పెనం రుద్దుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"మరి గిదేంది తమ్మీ? కాదని రాయి."

"ఆర్డర్ పోతది వదినా!"

"పోతే పోనీ. గాళ్ళ నియమం మనం చెడగొట్టొద్దు."

ఒళ్ళు మండింది. అయినా ఉన్నదున్నట్టు రాసి పంపాను. ఆవిడ చదివింది. నేను ఫోన్ వంకే చూస్తూ, బండి దగ్గర దోశలు అడిగినవాళ్ళ మీద కూడా విసుక్కున్నాను.

చివరికి ఆవిడ జవాబు వచ్చింది: "మీ రీల్‌లోనే ఉల్లిపాయ కనబడింది. మీరేమంటారో చూద్దామని అడిగాను. కొత్త పెనం కొంటే ఆర్డర్ మీదే."

ఆ రీల్ ఎడిట్ చేసింది నేనే. ఉల్లిపాయ చుయ్‌మన్న చోట పాట కూడా పెట్టాను!

కొత్త పెనం తెచ్చాం. ఉల్లి రుద్దకుండా దోశ అంటుకోకుండా రావాలంటే ఏం చేయాలో తెలిసినవాళ్ళు వెంటనే చెప్పండి. మొదటి రెండూ చిరిగిపోయాయి.