పిడి మీద సిరా గీత

పొట్ట మీద కీరదోసకాయ పెట్టుకుని పడుకోవడానికి అక్క ఒప్పుకుంది. దాన్ని కత్తితో రెండు ముక్కలు చేయాల్సింది నేను, కళ్ళకు గంతలు కట్టుకుని. దసరా తర్వాత వచ్చే శుక్రవారం, కువైట్‌లోని అర్దియాలో మావయ్య పనిచేసే వడ్రంగి షాపు వెనక పెరట్లో. ఈ మాట అనుకున్నది జూలైలో. అప్పటికి నేను మళ్ళీ కత్తి పట్టి మూడు శుక్రవారాలే అయింది.

అక్క నాకు రక్తసంబంధం కాదు. మేమిద్దరం ఒకే గదిలో ఉంటాం. ఆమెది కడప వైపు. పగలంతా ఒక కువైటీ ఇంట్లో వంట, ఇల్లు తుడవడం. మావయ్య కూడా వరసకు మావయ్య కాడు. మా కోనసీమ మనిషని ఆ పిలుపు వచ్చింది. ఆయనను కలిసింది అల్ రాయ్‌లో, శుక్రవారం సంతలో. నేను పనిచేసే స్పేర్ పార్టుల గోడౌన్ దానికి దగ్గరే. వారమంతా డబ్బాల మీద అంటించే లేబుళ్ళు టైపు చేసి, శుక్రవారం పొద్దున సంతలో కత్తులు చూడడానికి వెళ్ళేదాన్ని. కొనడానికి కాదు. చూసి వచ్చి, పుస్తకంలో బొమ్మ గీసుకుని, పక్కన నా అనుమానాలు రాసుకోవడానికి. ఎక్కువభాగం గోడకు తగిలించే అలంకారపు సరుకు. పైకి కత్తిలాగే ఉంటుంది కానీ, పిడి లోపలికి దూరే ఇనుప తోక మాత్రం చిటికెన వేలంత సన్నని బోల్టు. తుప్పు కూడా యాసిడ్‌తో పెట్టింది కావచ్చు. అలాంటి దానితో దేన్నయినా కోస్తే అలుగు, అంటే కోసే ఇనుము, ఊడి ఎవరి మీద పడుతుందో చెప్పలేం.

ఒకరోజు నా పక్కన ఒక పెద్దాయన కత్తిని అటూ ఇటూ వంచి చూసి, కింద పెట్టి, తనలో తను అనుకుంటున్నట్టు "బొమ్మ" అన్నాడు తెలుగులో. నేను అప్పటికే నా పుస్తకంలో అదే మాట రాసి ఉన్నాను. పరాయివాళ్ళతో మాట్లాడే అలవాటు లేనిదాన్ని, పుస్తకం తిప్పి ఆయనకు చూపించాను. ఆయనే మావయ్య.

మా వైపు దసరాకు చెడీ తాలింఖానా ఆడతారు. కర్రసాము, కత్తిసాము, చివర్లో గంతలు కట్టుకుని మనిషి మీద పెట్టిన కాయను కోయడం. మా వీధి జట్టుకు మా పెదనాన్నే గురువు. తొమ్మిదో ఏట నేర్చుకోవడం మొదలుపెట్టాను. పదిహేనో ఏట మా అన్న పొట్ట మీద దోసకాయ పెట్టి కోశాను. కాయ తెగింది, దాని కింద చర్మం కూడా తెగింది. మూడు కుట్లు పడ్డాయి. అన్న మర్నాటికే నవ్వాడు. పెదనాన్న మాత్రం "చెయ్యి వణికిందమ్మా నీకు" అని ఒక్కసారే అన్నారు. ఆ మాట నమ్మాను. కత్తి కింద పెట్టేసి పుస్తకాలలోకి వెళ్ళిపోయాను.

మావయ్య ఆ సంతలోనే చివరికి ఒక పాత కత్తి కొన్నాడు. అలుగు నిజమైనదే. పిడి మాత్రం వదులు. దాన్ని షాపుకు తెచ్చి, ఊరినుంచి తెప్పించుకున్న లక్కను కరిగించి, ఇటుకపొడి కలిపి, పిడిలో నింపి, తోకను వేడిగా దూర్చి బిగించాడు. మా వైపు కత్తులకు పిడి అలాగే పెడతారు. షాపు యజమానే ఆయనకు వీసా ఇచ్చిన కఫీల్. తనకూ కత్తులంటే ఇష్టం కాబట్టి పెరట్లో ఆడుకోమన్నాడు, కత్తి గేటు దాటితే మాత్రం ఖలాస్ అన్నాడు. అందుకని అది ఎప్పుడూ పెరట్లో రేకుల గదిలోనే ఉండేది, పడమటి గోడకు కొట్టిన మేకుకు వేలాడుతూ.

ఊళ్ళో సాధనకు అరటి బోదెలు కోసేవాళ్ళం, ఇక్కడ అవి ఎక్కడివి. పారేసిన ఈతచాపలు తెచ్చి, చుట్ట చుట్టి తాడు కట్టి, నీళ్ళ డ్రమ్ములో ఒక రోజంతా నానబెట్టేవాళ్ళం. నానిన చాప దాదాపు బోదెలాగే తెగుతుంది. మొదటి శుక్రవారం నేను కోసిన చాప తెగి కూడా రెండు క్షణాలు అలాగే నిలబడి, తర్వాత జారింది. మావయ్య తనే టీ కలిపి తెచ్చి ఇచ్చాడు.

అక్కను తీసుకెళ్ళింది మూడో శుక్రవారం. ఊరికే చూడడానికి వచ్చి, మావయ్య చెప్పిన తాలింఖానా సంగతులన్నీ విని, "పండుకునేది నేనే" అంది.

"నీకు భయం లేదా అక్కా?"

"దేనికి బయం? పని చేయకుండా పండుకుని ఫోటోలో పడేది ఈ దేశంలో నాకు ఇదొక్కటే. మా మామా చూసి కుళ్ళుకోవాల." మామా అంటే ఆమె యజమానురాలు.

ఆ రోజు నా రెండో వేటుకు చాప అడ్డంగా చీలింది. కోత నున్నగా లేదు, చివర్లో కిందికి తిరిగింది.

"సెయ్యి వాలిపోతందేంటమ్మా?" అన్నాడు మావయ్య.

పదేళ్ళ కిందటి మాటే. ఆ వారమంతా గోడౌన్‌లో స్కేలు పట్టుకుని, ఎవరూ చూడనప్పుడు మణికట్టు తిప్పి చూసుకున్నాను. వణకడం లేదు. కానీ వణికే చెయ్యి, తను వణుకుతున్నట్టు తనకు తెలుస్తుందా?

నాలుగో శుక్రవారం వేటు పడినప్పుడు పిడిలో చిన్న చప్పుడు వినిపించింది. పంటి కింద రాయి పడినట్టు. మావయ్యతో చెబితే పిడి పట్టి గుంజి చూసి, "గట్టిగానే ఉంది గదా. మనూర్లో ఈ లక్క ఎట్టిన కత్తులు నలబై ఏళ్ళయినా కదల్లేదు. అనుమానం పెట్టుకుంటే సెయ్యి ఆగిపోద్దమ్మా" అన్నాడు. పొద్దున ఆరింటికి, చల్లారిన కత్తిని గుంజి చూశాడు. ఆ సంగతి అప్పుడు నాకూ తట్టలేదు.

ఎవరో కావాలనే పిడి వదులు చేస్తున్నారనిపించింది, అక్కడినుంచి నా డైరీలో మనుషులు మొదలయ్యారు. మొదట అనుమానించింది పక్క షాపు వెల్డర్‌ను. మేం ఆడుతుంటే గోడ మీదనుంచి చూసేవాడు, ఎప్పుడూ నవ్వేవాడు కాదు. తర్వాత కఫీల్ డ్రైవర్‌ను, ఒకసారి "ఆడపిల్లకు ఎందుకు" అని హిందీలో అన్నాడు కాబట్టి. ఒక పేజీలో మావయ్యను కూడా రాశాను. గంతల కోత ఆయన తనే కోద్దామనుకున్నాడేమో, నేను మధ్యలో వచ్చానేమో అని. ఆ పేజీ చదువుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, అయినా చింపలేదు. కింద పడుకునేది అక్క. ఎవరినయినా అనుమానించే హక్కు నాకుందనుకున్నాను.

ఐదో శుక్రవారం మావయ్య డ్రమ్ములో చాపలు తిప్పుతుండగా, అలుగు పిడిలోకి దిగే చోట చెరగని సిరాతో సన్నని గీత గీశాను. సగం అలుగు మీద, సగం పిడి మీద. పొద్దున్నే, కత్తి చల్లగా ఉన్నప్పుడు. వెళ్ళేటప్పుడు తలుపు గొళ్ళేనికీ ద్వారబంధం మీది మేకుకూ మధ్య నా చున్నీలోంచి లాగిన దారప్పోగు కట్టాను. తలుపు తెరిస్తే తెగుతుంది. వారంలో ఆ గదిలోకి వెళ్ళే పని మావయ్యకు లేదు, కలప అంతా ముందు షాపులోనే ఉంటుంది.

గదికి వచ్చి అక్కతో చెప్పాను.

"పోలీసు పని చేచ్చాండావు పాపా," అంది ఉల్లిపాయలు తరుగుతూ. "దారం తెగింటే ఏం చేచ్చావు?"

"ఎవరో తెలుస్తుంది."

"తెగకుంటే?"



తర్వాతి శుక్రవారం పొద్దున వేరే పని తగిలి, మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. దారం తెగలేదు. ముడి కూడా నేను వేసిందే. లోపలికి వెళితే పొయ్యిలో తల పెట్టినట్టుంది. కత్తి మేకుకే ఉంది. చేత్తో పట్టుకోబోతే పిడి చుర్రుమంది. చున్నీ చుట్టి దించి వెలుగులో చూశాను. అలుగు మీది గీత ఒక చోట, పిడి మీది గీత నువ్వుగింజంత పక్కన. మెల్లగా తిప్పితే అలుగు పిడిలో ఇంకా జరిగింది, ముద్దలో గుచ్చిన పుల్లలాగా. గోడ వైపు చూశాను. పిడి ఆనుకునే చోట రేకు మీద గోధుమరంగు చార, కిందికి కారి గడ్డకట్టి ఉంది. గోరుతో గీకి వాసన చూశాను. లక్క.

ఆ గదిలోకి ఎవరూ రాలేదు. వచ్చింది పడమటి ఎండ. మధ్యాహ్నంనుంచి ఆ రేకును కాలుస్తుంది, రేకుకు ఆనుకున్న ఇనుప పిడి కాలుతుంది, లోపల లక్క మెత్తబడుతుంది. రాత్రికి చల్లారి, కాస్త జరిగిన చోటే మళ్ళీ గట్టిపడుతుంది. పొద్దున ఆరింటికి గుంజి చూస్తే గట్టిగానే ఉంటుంది. కానీ వాదర, ఆ పదునంచు, ఒక పక్కకు తిరిగి ఉంటుంది, పట్టు అక్కడక్కడా వదిలి ఉంటుంది.

మావయ్య వచ్చి చూశాడు. గీతను చూశాడు, రేకు మీది చారను చూశాడు. చాలాసేపు పిడిని అటూ ఇటూ తిప్పాడు.

"మనూర్లో దూలానికి ఏలాడదీసేవోళ్ళం," అన్నాడు. "పెంకుటిల్లు. నీడ." రేకు మీది చారను వేలితో తాకి, "నేనే గుంజి సూసి బాగుందన్నాను గదమ్మా. ఆ పిల్ల పొట్ట మీద" అన్నాడు.

అక్క గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. "ఊపిరాడతాంది గదా నాకు. ఏమీ కాలా. ఇంగ దాన్ని బాగుచేయి మావా," అంది.

ఆయన కత్తిని బల్ల మీద పెట్టి, నేను ఎప్పుడో చెప్పింది గుర్తుచేసుకుని, తల ఎత్తకుండానే నన్నడిగాడు. "మీ అన్న పొట్ట తెగిన్రోజు కత్తి ఎక్కడుందమ్మా?"

జ్ఞాపకం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఆ రోజు జట్టుకంతా మా ఇంట్లోనే వంట. పెరట్లో గాడిపొయ్యి తవ్వారు. కత్తులు తోమి ఆరబెట్టారు. పొయ్యి పక్క గోడకు ఆనించినట్టు కళ్ళముందు కనిపిస్తోంది. కానీ అది నిజంగా చూసిందో, ఇప్పుడు నాకు కావాలని నా మనసు ఆనించి పెట్టిందో చెప్పలేను. మావయ్యతో "తెలియదు" అన్నాను. డైరీలో కూడా తెలియదనే రాసుకున్నాను. ఆ చెయ్యి మీది అనుమానం పూర్తిగా పోలేదు. కాకపోతే ఇప్పుడు అది ఒంటరిగా లేదు, పక్కన కత్తి మీద ఇంకొకటి ఉంది.

మావయ్య పాత లక్క కరిగించి తీసేసి, ఈసారి తోకలోనుంచీ పిడిలోనుంచీ రంధ్రం వేసి, రెండువైపులా మేకు తల కొట్టి బిగించాడు. తర్వాతే కొత్త లక్క పోశాడు. కత్తి ముందు షాపులోకి, ఏసీ కిందికి, కలప బీరువాలోకి మారింది. నేను కొత్త గీత గీశాను. ప్రతి శుక్రవారం కోతకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూసేదాన్ని. కదల్లేదు. చాపలు మళ్ళీ నిలబడి తెగడం మొదలైంది. అయినా చూడడం మానలేదు.

దసరా తర్వాతి శుక్రవారం మంగఫ్‌నుంచి మా వైపు వాళ్ళు పాతికమంది దాకా వచ్చారు. మావయ్య తెల్లని పంచె కట్టుకున్నాడు. అక్క కొత్త చీర కట్టుకుని, దాని మీద మావయ్య ఇచ్చిన దళసరి కాన్వాసు గుడ్డ నడుముకు చుట్టుకుంది. పొద్దున నేను బియ్యం మూట మీద దోసకాయ పెట్టి పదిసార్లు కోసి చూసుకున్నాను. మూట మీద ఒక్క గీత పడలేదు. ఇంక ఈ మూటతోనే కానిద్దామన్నాను.

"నాకంటే మూటే బాగుండాదా నీకు?" అంది అక్క. ఆమె వచ్చి కత్తి అడిగింది. నేను ఇచ్చాను. గదిలో నేను రోజూ చెప్పినదంతా విందో ఏమో, పిడి ఒక చేత్తో, అలుగు గుడ్డతో ఇంకో చేత్తో పట్టుకుని తిప్పి చూసింది. సిరా గీత దగ్గర కళ్ళు పెట్టి చూసింది.

"ఇది నమ్మచ్చు," అని కత్తి నా చేతిలో పెట్టి, చాప మీద పడుకుంది.

మావయ్య గంతలు తెచ్చాడు. నేను వద్దన్నాను.

"గంతల్లేకపోతే తాలింఖానా ఏంటమ్మా? ఇంతమంది వొచ్చారు."

"కళ్ళు తెరిచే కోస్తాను మావయ్య గారూ. లేకపోతే కోయను."

అంతమంది ముందు నేను అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు. వెనకనుంచి ఎవరో నవ్వారు. మావయ్య గంతల గుడ్డను మడిచి భుజాన వేసుకున్నాడు.

వేటు వేసినప్పుడు నాకు అక్క ముఖం కనిపించలేదు. దోసకాయ ఒకటే కనిపించింది. రెండు ముక్కలూ చెరో పక్కకు దొర్లాయి. కాన్వాసు గుడ్డ తీసి నేనే వంగి చూశాను, చీర కూడా జరిపి చూశాను. అక్క నా చెయ్యి తోసేసి లేచి కూచుంది. దొర్లిన ముక్క తీసుకుని, చీర కొంగుతో తుడిచి కొరికింది. "ఉప్పు లేదా?" అని మావయ్యను అడిగింది.

జనం మాట్లాడుకుంటూ ఉండగా నేను షాపు లోపలికి వెళ్ళి, ట్యూబులైటు కింద కత్తిని తిప్పి చూశాను. గీత ఎక్కడిదక్కడే ఉంది. బీరువాలో పెట్టి, తలుపు వేసి, మళ్ళీ తీసి ఇంకోసారి చూశాను.