పిల్లికి కరోనా అట

మా పిల్లి తిండి మానేసిన కొన్నాళ్లకి దాని పొట్ట ఉబ్బడం మొదలైంది. కడుపుతో ఉందనుకుందామంటే అది మగది. ఒళ్లు కాలిపోతుంటే సంచిలో పెట్టుకుని శ్రీకాకుళం పశువుల ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్లాను. డాక్టరు సూదితో పొట్టలోంచి పసుపుపచ్చటి నీరు లాగి, వెలుతురుకి పట్టి చూశాడు.

"పిల్లుల్లో వచ్చే కరోనా వల్ల ఇలా అవుతుంది. మనకొచ్చిన కరోనా వేరు, ఇది వేరు. మనుషులకి అంటదు," అన్నాడు. బతకడం కష్టమని కూడా చెప్పాడు.

అరసవల్లిలో ఇంటికి రాగానే, అరుగు మీద కూర్చున్న మా అత్తకి అదే చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు మా మావయ్య ఆసుపత్రిలో పోయారు. శవాన్ని ఆవిడకి చూపించనైనా లేదు.

"మనకి రాదట అత్తా."

"అప్పుడూ అలాగే అన్నారు గదే. మీ మావకి ఏటీ అవదన్నారు."

గోడవతల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

మర్నాడు చేపలమ్మే ఆమె గేటు దాటి లోపలికి రాలేదు. రోజూ మా పిల్లికి ఒక తలకాయ పడేసే మనిషి. "గిన్నె అక్కడెట్టీసి ఎనక్కెళ్లమ్మా. పిల్లికి కరోనా అట గదా," అంది.

సాయంత్రం పక్కింటాయన వచ్చి రోడ్డు మీదే నిలబడ్డాడు. "దాన్నెక్కడైనా దూరంగా ఒగ్గీండమ్మా. మా ఇంట్లో సంటిపిల్లలున్నారు."

డాక్టరు చెప్పిందంతా చెప్పాను. ఆయన వింటూనే ముక్కు మీదకి రుమాలు లాక్కున్నాడు. "మీరు ఒగ్గకపోతే ఎవులో ఒకలు సూసుకుంటారు," అని వెళ్లిపోయాడు.

తెల్లారి గేటు తీస్తే, కాలువ పక్కన రెండు వీధి పిల్లులు బిగుసుకుపోయి పడున్నాయి, మూతుల దగ్గర చేప కలిపిన అన్నం మెతుకులు. మా గోడ లోపల కూడా చేప కలిపిన అన్నం ముద్ద ఒకటి పడి ఉంది. తినే ఓపిక లేదు కాబట్టి మా పిల్లి దాని జోలికి పోలేదు.

"ఇవేటి సేసాయే?" అంది అత్త, ఆ రెండింటినీ చూస్తూ. తర్వాత మా పిల్లిని తనే ఎత్తుకెళ్లి లోపలి గదిలో పడుకోబెట్టి, గడియ వేసింది.

ఆ వారంలోనే అదీ పోయింది. పెరట్లో పాతిపెట్టాను.

తర్వాత అత్తకి జ్వరం తగిలింది, దగ్గు. పిల్లి వల్ల కాదని నాకు తెలుసు. అయినా ఆవిడ తాగిన గ్లాసుని రెండుసార్లు సబ్బుతో తోమి, విడిగా బోర్లించాను. పరీక్ష చేయిస్తే మామూలు జలుబే అన్నారు. మందులతో తగ్గిపోయింది కూడా. కానీ తగ్గేదాకా, దగ్గు వచ్చినప్పుడల్లా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకునేది.

"ఆ కిటికీ ముయ్యే," అనేది. "ఈదిలోకి ఇనిపిస్తాది."