గుమ్మం దాటని ఆంబులెన్సు లైటు

మా ఆయన శివాలయంలో అర్చకులు. నేను బ్రాడీపేటలో ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆయన పొద్దునా సాయంత్రం దేవుడి ముందు దీపం వెలిగిస్తారు. నేను సెలవు దొరికినప్పుడల్లా పాత ఆంబులెన్సులు, ఫైరింజన్లు, పోలీసు జీపుల నెత్తిన ఉండే లైట్లు తెచ్చి, బాగుచేసి వెలిగిస్తాను. ఇద్దరం చేసేది ఒకటే పని కదండీ అని ఒకసారి అన్నాను. ఆ పూట ఆయన నాతో మాట్లాడలేదు.

మాది గుంటూరుకు దగ్గర్లోనే పల్లె. ఈ పక్క కొత్త బండి కొన్నవాళ్లు పూజకు పెదకాకాని వెళతారు. అక్కడి రద్దీకి ఓపిక లేనివాళ్లు మా గుడికి వస్తారు. అలా ట్రాక్టర్లు, ఆటోలు, మోటారుసైకిళ్లు మా ఆయన చేతుల మీదుగా చాలానే వెళ్లాయి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, బంపరుకు పసుపుకొమ్ము దారం కట్టి పంపిస్తారు. బండ్లు కొత్తగా ఉన్నప్పుడు ఆయన దగ్గరికి వస్తాయి. వాటి కాలం తీరాక నెత్తిమీదివి నా దగ్గరికి వస్తాయి.

ఈ పిచ్చి పాఠం చెప్పబోయి అంటుకుంది. కెపాసిటర్‌లో దాచిన కరెంటు ఒక్కసారిగా బయటపడితే ఏమవుతుందో పిల్లలకు చూపిద్దామని ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్టుకు వెళ్లాను. అక్కడ ఒక పోలీసు జీపు లైటు, బల్లంత పొడుగున, ఒక పక్క ఎర్ర డోము, ఒక పక్క నీలం డోముతో దుమ్ములో పడి ఉంది. ఇప్పటి బండ్లకు చిన్న చిన్న ఎల్ఈడీలు వచ్చాయి గానీ ఈ పాతవాటిలో గాజు గొట్టం ఉంటుంది. అందులో గ్యాసు. కెపాసిటర్ నిండే దాకా సన్నగా ఈల వేసినట్టు కూస్తుంది, నిండగానే టప్పున మెరుస్తుంది. స్ట్రోబ్ లైటు అంటారు. ఆ మెరుపు మొదటిసారి నా టేబుల్ మీద చూసినప్పుడు క్లాసులో పిల్లలకంటే ముందు నేనే అరిచాను.

దాన్ని స్కూటరు మీద కాళ్ల దగ్గర అడ్డంగా పెట్టుకుని ఇంటికి తెచ్చాను. రెండు పక్కలా జానెడు బయటికొచ్చింది. వెలగడం లేదు, వైర్లు వేలాడుతున్నాయి. అయినా బ్రాడీపేట నాలుగో లైన్లో ఆటోవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. మా జనానికి అంత మర్యాద ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

బాగుచేయడంలో గొప్ప విద్య ఏమీ లేదు, ఓపిక కావాలి. తుప్పు పట్టిన స్క్రూలకు కిరసనాయిలు పోసి ఊరుకోవాలి. మసకబారిన డోములను తడి ఎమెరీ కాగితంతో రుద్ది, ఆఖర్న పళ్లపొడి పెట్టి తోమాలి. గాజు గొట్టాన్ని ఉత్త వేళ్లతో ముట్టుకోకూడదు. కెపాసిటర్‌ను ఖాళీ చేయకుండా అసలే ముట్టుకోకూడదు. ఈ రెండో సంగతి పుస్తకం చదివి చెప్పేదాన్ని, తర్వాత అనుభవం మీద చెబుతున్నాను. గుంటూరు బండ్ల లైటు ఏది విప్పినా లోపల ఎర్రటి ధూళి ఉంటుంది, అది మిర్చి. మూత తీసిన క్షణం నుంచి తుమ్ములే. వేటపాలెం వైపు తిరిగిన ఫైరింజను లైటు ఒకటి దొరికితే దాని డోము మీద జీడిగింజల బట్టీల పొగ జిగురులా పేరుకుని ఉంది. నా చేతుల నలుపు వదలడానికి చాలా రోజులు పట్టింది. ఆ చేతులతో బోర్డు మీద రాస్తుంటే పిల్లలు పాఠం వదిలేసి చేతులే చూశారు.

ఇంట్లో వీటికి చోటు విషయంలో మా ఆయన నన్ను ఎప్పుడూ కాదనలేదు. కాకపోతే ఒక్కోదానికి ఒక్కో ధర్మం చెప్పారు. పోలీసు లైటుకు దోషం లేదు, దేవుడి గదికి ఎదురుగా మాత్రం వద్దు. ఫైరింజను అగ్నిహోత్రుణ్ణి ఆర్పేది కాబట్టి ఆగ్నేయ మూల, వంటింటి పక్కన పెట్టకూడదు. మంత్రుల కాన్వాయ్‌లో తిరిగిన లైటు హాల్లో పెట్టుకోవచ్చు, దాని గురించి శాస్త్రం ఏమీ చెప్పలేదు. ఆంబులెన్సు లైటు మాత్రం గుమ్మం దాటి లోపలికి రాకూడదు. దాన్ని ముట్టుకుంటే నేను తలస్నానం చేసి గానీ వంటింట్లో అడుగు పెట్టకూడదు.

ఆంబులెన్సు లైటు తెచ్చిన ప్రతిసారీ ఆయన గుమ్మం లోపల నిలబడి అడిగేవారు.

"అందులో ఎవరైనా పోయారా?"

"తెలియదండీ."

"తెలియకపోతే మైలే."

అందుకని అవన్నీ పెరట్లో, బట్టలుతికే బండ పక్కన, రేకుల పంచ కింద ఉండేవి. ఎండకు డోములు పగిలేవి, వానకు లోపల వైర్లు పచ్చబడేవి. కష్టపడి వెలిగించినవి మళ్లీ ఆరిపోయేవి. పోలీసులకు హాలు, మంత్రులకు సోఫా పక్కన స్టూలు, మనుషుల ప్రాణాల కోసం పరిగెత్తినవాటికి ఉతుకుడు బండ. నాకు ఒళ్లు మండేది. మండినా నోరెత్తేదాన్ని కాదు, ఎందుకంటే ఆంబులెన్సు ధర్మం శాస్త్రంలోది కాదనీ, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా నాకు తెలుసు.

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఆ గుడిలోనే అర్చకత్వం చేసేవారు. అన్నదమ్ములిద్దరికీ నెల నెలా వంతులు. ఒక మిర్చి సీజన్లో, తన వంతు నడుస్తుండగా, అభిషేకం మధ్యలో గుండె పట్టుకుని కూర్చుండిపోయారు. ఆంబులెన్సు ఆలస్యం చేయలేదు. ఊళ్లో దాతలు చందాలు వేసుకుని కొన్న బండి అది, దానికి పూజ చేసింది మా ఆయనే. గుంటూరు రోడ్డెక్కాక మిర్చి యార్డుకు పోయే ట్రాక్టర్లు, నెత్తికి మించి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎత్తుకుని, బారులు తీరి నడుస్తున్నాయి. వెనక సైరను కూస్తూనే ఉంది, లైటు మెరుస్తూనే ఉంది. ఒక్కడూ పక్కకు దిగలేదు. మా బావగారు ఆ బారులోనే పోయారు. మా ఆయన అన్నగారి చెయ్యి పట్టుకుని ఆ బండిలోనే ఉన్నారు.

ఆ తర్వాత ఆయన ఆంబులెన్సుకు పూజ చేయలేదు. ఎవరైనా తెస్తే, నాకు వీలు పడదు, పెదకాకాని తీసుకెళ్లండి అనేవారు. రద్దీ అని ఇక్కడికి వచ్చినవాళ్లు ఆశ్చర్యపోయి వెళ్లేవాళ్లు. ఆయన మొహం చూస్తే మాత్రం రెండోసారి ఎవరూ అడిగేవాళ్లు కాదు.

మొన్నటి తుఫానుకు ముందు ఆటోనగర్ నుంచి ఇంకో ఆంబులెన్సు లైటు తెచ్చాను. నేను చూసినవాటిలో అంత మంచిది లేదు. రెండు డోములూ పగలలేదు, గొట్టాలు బతికే ఉన్నాయి. కెపాసిటర్లు మార్చితే చాలు. బాపట్ల దగ్గర తీరం దాటుతుందని టీవీలో చెబుతున్నారు, ఆకాశం నల్లగా దిగింది. రేకుల పంచ కింద ఒక్క జల్లు కొట్టినా ఇది పాడవుతుంది. ఈ ఒక్కదాన్ని లోపల పెట్టుకోనివ్వండి అని అడిగాను. ఆయన అలవాటైన ప్రశ్న అడిగారు, నేను అలవాటైన జవాబు చెప్పాను. ఫలితం కూడా అలవాటైనదే.

మర్నాడు మధ్యాహ్నానికి వాన మొదలైంది. గొడుగు రేకుకు తగిలించి, దాని కింద లైటు పెట్టుకుని కూర్చున్నాను. బండి పైకప్పుకు బిగించే ఇనుప కాళ్లు విప్పుతున్నాను. ఒక కాలికి చుట్టూ మడ్డి, మడ్డి కింద గట్టిపడిన రబ్బరు. రబ్బరు గీకితే కింద ఒక దారం కనబడింది. నల్లబడింది గానీ ఒకప్పుడు పసుపుది. మధ్యలో ఎండిపోయిన కొమ్ము ముక్క. మూడు చుట్లు, రెండు ముళ్లు, మిగిలిన కొస చుట్ల కిందికి దోపి ఉంది.

ఆ ముడి నాకు తెలుసు. ఏటా ఆవకాయ జాడీకి వాసెన కట్టేది మా ఆయనే. అదే ముడి వేస్తారు. అది విప్పడం నా వల్ల కాదు, ప్రతిసారీ కత్తిపీటకు పని చెప్పాల్సిందే. పైగా బండ్లన్నిటికీ బంపరుకు కట్టే మనిషి ఆంబులెన్సుకు మాత్రం స్టూలు ఎక్కి లైటు కాలికి కట్టేవారు. దాని ప్రాణం అక్కడుంది అనేవారు.

"ఏవండీ, ఒకసారి ఇటు రండి."

"మడిలో ఉన్నాను."

"గుమ్మం దగ్గరే నిలబడి చూడండి చాలు."

ఆయన వచ్చి నిలబడ్డారు. నేను ఇనుప కాలు పైకెత్తి చూపించాను.

"అది నా ముడి," అన్నారు.

"మీదే. ఇన్నేళ్ల ఎండకూ వానకూ ఊడలేదు."

"నా ముడి ఊడదు," అన్నారు. అని గుమ్మం దాటి వానలోకి వచ్చేశారు. మడిబట్ట తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఉతుకుడు బండ మీద కూర్చుని ఆ దారాన్ని వేలితో తడిమారు.

"అన్నయ్యని తీసుకెళ్లిన బండిదా?"

"తెలియదండీ. కొట్టువాడికి కూడా తెలియదు. మీరు కట్టిన ఆంబులెన్సులు నాలుగైదు ఉన్నాయిగా, వాటిలో ఏదో ఒకటి."

"ఏదైతే ఏం లాభం? నా చేత్తో కట్టిన దారం. సొంత అన్నని ఆస్పత్రి దాకా చేర్చలేదు. ఇక ఏ మొహం పెట్టుకుని ఇంకోడి బండికి కట్టను?"

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు. నేను ఏడిస్తే ఆయన లేచి లోపలికి వెళ్లిపోతారని తెలుసు, అందుకని పాఠం చెప్పే గొంతుతోనే మాట్లాడాను.

"ఆ రోజు బండి మొరాయించిందా? ఇంజను చెడిందా? లైటు ఆరిందా? ఏమీ కాలేదు కదండీ. మీరు కట్టిన బండి దాని పని అది చేసింది. ముందున్న ట్రాక్టర్లకు ఎవరు కట్టారు?"

"అవీ నేనే కట్టాను," అన్నారు. "ఈ చుట్టుపక్కల ట్రాక్టర్లన్నీ నా దగ్గరికి వచ్చినవే."

"ఏమని కట్టారు?"

"పంట బాగా పండాలని. బండి ఏ అడ్డూ లేకుండా సాగిపోవాలని."

"సాగిపోయాయి కదా."

ఆయన నావైపు చూశారు. ఇంత మాట అనకుండా ఉండాల్సిందేమో అనుకున్నాను. ఆయన మాత్రం తల వంచుకుని ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు కూర్చున్నారు. తర్వాత భుజం మీది కండువా తీసి లైటు మీద కప్పారు. అది అప్పటికే నీళ్లు కారుతోంది, దానివల్ల లైటుకు ఒరిగింది ఏమీ లేదు.

లోపలికి వెళ్లేటప్పుడు అడిగాను, ఇద్దరం ఇంత తడిశాం కదా, ఇది స్నానం కిందకు రాదా అని.

"ఎండ ఉండగా కురిస్తే దివ్యస్నానం. ఇప్పుడు ఎండ లేదు. నీళ్లు కాచుకో," అన్నారు.

వాన వెలిశాక ఆ లైటు పూర్తిచేశాను. దారం విప్పలేదు, దాని చుట్టూ శుభ్రం చేసి వదిలేశాను. వెలిగించి చూపిస్తే ఆయన గుమ్మం లోపలి నుంచే చూశారు. మర్నాడు పొద్దున్నే నన్నడక్కుండా పుణ్యాహవాచనం నీళ్లు చల్లి, రిక్షాబండి పిలిచి, దాన్ని గుడికి పట్టించుకుపోయారు. మా ఇంటి గుమ్మం దాటడానికి పనికిరాని వస్తువు గుడి ఆవరణలోకి ఎలా పనికొచ్చిందో నేను అడగలేదు. బండ్లకు పూజ చేసే చోట, గోడకు ఎత్తుగా బిగించారు. స్విచ్చి తన చేతికి అందేలా పెట్టించుకున్నారు.

అప్పటినుంచి ఏ ట్రాక్టరు వచ్చినా సంకల్పం ఆఖర్న ఒక మాట చేరింది. మంత్రమంతా సంస్కృతం, ఈ ఒక్కటి తెలుగు. ఆ మాట దగ్గరికి రాగానే ఆయన స్విచ్చి వేస్తారు. లైటు కూస్తుంది, టప్పున మెరుస్తుంది.

"ఇలాంటి లైటు వెనక కనబడితే, సరుకు ఎంత ఉన్నా సరే, పక్కకు దిగుతాను. అను."

రైతు చేతులు కట్టుకుని, మెరుపుకు కళ్లు చికిలిస్తూ, అదీ మంత్రమేననుకుని అంటాడు. అందరూ అంటారు. పూజలో అయ్యగారు చెప్పింది అనకపోతే బండికి ఏమవుతుందోనని భయం. కొత్త ఆంబులెన్సు ఒకటి సంక్రాంతికి ముందు వచ్చింది. పెదకాకాని వెళ్లమని ఆయన అనలేదు. స్టూలు తెమ్మన్నారు.

మిర్చి సీజను నడుస్తుండగా ఒక ఆదివారం లైటుకు ఫ్యూజు మార్చడానికి గుడికి వెళ్లాను. నిచ్చెన మీద ఉన్నాను. ఒక రైతు రొప్పుకుంటూ వచ్చాడు. బట్టల నిండా ఎర్ర ధూళి, కళ్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి. రాగానే మా ఆయన మీద విరుచుకుపడ్డాడు.

"ఏందయ్యగారూ ఇది? యార్డుకు పోతన్నానా, ఎనక ఆ లైటు కనపడింది. తమరు ప్రమాణం చేపిచ్చారు గదా అని మార్జిన్లోకి దించా. మట్టిలో చక్రం దిగబడింది. ట్రాలీ వొరిగి టిక్కీలు కిందబడ్డయ్. రెండు పగిలిపొయ్యి కాయంతా రోడ్డు మీదే! పూజ చేపిచ్చుకున్న బండండీ ఇది, ఇట్టా అవ్వొచ్చా?"

మా ఆయన పళ్లెం పట్టుకుని కదలకుండా విన్నారు.

"ఆంబులెన్సు వెళ్లిందా?" అన్నారు.

"ఆఁ, ఎల్లకేం. జామ్మని ఎల్లింది. దాని గురించి కాదండీ నేననేది..."

మా ఆయన గర్భగుడి వైపు తిరిగి పళ్లెం గడప దగ్గర పెట్టారు. తర్వాత మండపం మూలకు వెళ్లి, తన వాటాకు వచ్చిన కొబ్బరికాయల్లో పెద్దది ఏరి తెచ్చారు.

"బండి ఇటు తీసుకురా. మళ్లీ పూజ చేస్తాను. ఇవాళ కాయ నాది."

రైతు సణుక్కుంటూ బండి కోసం వెళ్లాడు. నేను నిచ్చెన దిగాను. మా ఆయన కండువాతో కళ్లు ఒత్తుకుంటున్నారు. ఏమైందండీ అంటే, కొబ్బరినీళ్లు చిందాయే అన్నారు. కాయ ఆయన చేతిలోనే ఉంది, ఇంకా కొట్టలేదు.