ఉప్పు పక్కన మాత్ర

కాచిన నెయ్యి వాసన ముందు వస్తుంది, గిన్నె పట్టుకున్న మనిషి తర్వాత వస్తాడు. మొన్న ద్రాక్షారామంలో ఒక పెళ్లికి వెళ్లి భోజనాల బంతిలో కూర్చున్నాను. ఆ వాసన తగలగానే నా చెవులు వేడెక్కాయి. ఇంత వయసొచ్చినా నెయ్యి వాసనకి నాకు ఆకలి కంటే ముందు సిగ్గే వేస్తుంది. ఆ వెంటనే సంతోషమ్మ టీచరు గారు గుర్తొస్తారు.

ఆవిడ మా పక్కింట్లో ఉండేవారు, మా చర్చి బడిలో పెద్ద టీచరు. అమ్మానాన్నలు చేలో పనికి వెళితే నేను ఆవిడ గుమ్మంలోనే పెరిగాను. నాకు పుట్టుకతోనే సిస్టిక్ ఫైబ్రోసిస్. ఊపిరితిత్తుల్లో కఫం జిగురు కడుతుంది, తిన్న కొవ్వు అరగదు. అన్నంతో పాటు మాత్ర పడితేనే అది ఒంటికి పడుతుంది, లేకపోతే నూనె తేలే విరేచనం. నేను బయటికి వెళ్లొస్తే బడిలో పిల్లలు ముక్కు మూసుకునేవారు. ఆ సిగ్గు ఎవరికీ చెప్పుకునేది కాదు.

నాలుగో తరగతిలో ఉండగా కాకినాడలో రక్తపరీక్ష చేసి ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నాయన్నారు. ఈ జబ్బున్న పిల్లల రక్తంలో కొవ్వులు ఇలా తేడాగా ఉండొచ్చనీ, నెయ్యి మాత్రం మానిపించొద్దనీ డాక్టరు గారు చెప్పారు. అమ్మకి సగమే అర్థమై, రిపోర్టు తెచ్చి టీచరు గారికి చూపించింది. ఆవిడ భర్త గుండెపోటుతో పోయారు. కొవ్వన్న మాట వింటేనే ఆవిడకి భయం.

“నెయ్యి మానిపించెయ్ మేరీ,” అన్నారు.

“డాక్టరు గారు మానిపించొద్దన్నారండి,” అంది అమ్మ.

“నువ్వు సరిగ్గా విని ఉండవు. ఎక్కువుందంటే ఇంకా తినమంటారా ఎవరైనా?”

ఆవిడ మాట కాదనలేక అమ్మ ఇంట్లో నాకు నెయ్యి ఆపేసింది. ఆ ఏడు చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమవిందులో టీచరు గారే నెయ్యి వడ్డించారు. నా ఆకు దగ్గరికొచ్చి చెంచా వెనక్కి తీసుకున్నారు. “దీనికి వెయ్యకండి, రక్తంలో కొవ్వుంది,” అని వెనకొచ్చేవాళ్లకి గట్టిగా చెప్పారు. బంతంతా నా వైపే చూసింది. పుల్లలా ఉండే నన్ను ఆ రోజు నుంచి పిల్లలు కొవ్వుపిల్ల అని పిలిచారు.

వానలు పడేసరికి నా గౌను భుజాల మీద నిలవలేదు. దగ్గు ముదిరి కాకినాడ ఆసుపత్రిలో చేర్చారు. నేను బతుకుతానో లేదోనని అమ్మ ఏడుస్తూనే ఉంది.

“పిల్లకి నెయ్యి ఎవరు మానిపించారమ్మా?” అని డాక్టరు గారు కోప్పడ్డారు.

“నేనేనండి,” అంది అమ్మ.

తోడొచ్చిన టీచరు గారు ముందుకొచ్చారు. “కాదండి. మేరీ వద్దంటున్నా నేనే మానిపించాను.” ఆవిడ తల దించుకోవడం నేను చూడటం అదే మొదలు.

మరుసటేడు ప్రేమవిందులో ఆవిడ వడ్డనకి వెళ్లకుండా నా పక్కన కూర్చున్నారు. నా మాత్ర తీసి ఆకులో ఉప్పు పక్కన పెట్టారు. నేను గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాను.

“చెయ్యి తియ్యి జ్యోతీ. సిగ్గుపడాల్సింది నేను,” అని లేచి నిలబడ్డారు. “కిందటేడు ఇక్కడే ఈ పిల్ల గురించి తప్పు మాట చెప్పానండి. దీనికి నెయ్యి కావాలి. మాత్ర కనపడితే ధారాళంగా వెయ్యండి.”

మళ్లీ అందరూ నా వైపు చూశారు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నెయ్యన్నం తిన్నాను.

టీచరు గారు పోయి చాలా కాలమైంది. మొన్న పెళ్లిలో కూడా మాత్ర తీసి ఉప్పు పక్కనే పెట్టాను. పక్కనున్న ఆవిడ వంగి చూసి, “ఏంటమ్మా అది?” అంది. నా చెయ్యి దానంతటదే మాత్ర మీదికి వెళ్లబోయింది. వెనక్కి తీసుకున్నాను.

“పుట్టుకతో వచ్చిన జబ్బండి. ఇది వేసుకుంటేనే నాకు నెయ్యి అరుగుతుంది,” అన్నాను.

మొహం మండిపోతూనే ఉంది. ఈలోగా నెయ్యి గిన్నె నా దగ్గరికొచ్చింది. వడ్డించే అబ్బాయి ఒక చెంచా వేసి కదలబోయాడు.

“ఇంకాస్త వెయ్యండి,” అన్నాను.