కొమ్ములు గట్టిపడిన ఎండాకాలం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక చుక్కల దుప్పి ఉండేది. అచ్చంపేట అవతల, అడవి అంచునే మా ఊరు. తల్లి చచ్చిన పసికూనను మా చిన్నాయన ఎత్తుకొచ్చి, మేకపాలు తాగించి పెంచాడు. అది ఆయన వెనకే తిరిగేది, ఆయన మంచం పక్కనే పడుకునేది.

దాని మూడో ఎండాకాలంలో, కొమ్ముల మీది మెత్తటి తోలు నెత్తురు కారుతూ పేలికలుగా ఊడింది. మెడ బలిసింది. మేత మానేసి, దొడ్లోని వేపచెట్టుకు కొమ్ములు రుద్దుతూ అదేపనిగా అరిచేది.

"అడవిల ఆడదుప్పులు ఎదకొచ్చినయి. గా వాసన దీని నెత్తికెక్కింది. దగ్గరికి పోకుండ్రి," అని గొర్రెల మధ్యే పుట్టి పెరిగిన మా అవ్వ హెచ్చరించింది. చిన్నాయన నవ్వాడు. "నా చేతులల్ల పెరిగింది, నన్నేం చేస్తదే అమ్మా?"

ఆ పొద్దున ఆయన నీళ్ళ కుండతో దొడ్లోకి వెళ్ళాడు. అది తల వంచి ఒక్క ఊపున వచ్చి ఆయన తొడలో కొమ్ము దించింది. పడిపోయిన మనిషిని కూడా వదల్లేదు. నేలకు అదిమి మళ్ళీ మళ్ళీ పొడిచింది. పగిలిన కుండ నీళ్ళు ఎర్రబడ్డాయి. నేను గడపలోనే కొయ్యబారిపోయాను. అవ్వ తన గొంగడి దాని ముఖం మీద విసిరి, మెడ కరుచుకుని వేలాడింది. గోడకేసి కొట్టినా, పెదవి చీలినా పట్టు వదల్లేదు. మా బాపు తమ్ముణ్ణి కాపాడను గొడ్డలితో ఉరికొచ్చాడు.

"గొడ్డలి కిందవెట్టు!" అని అరిచింది అవ్వ. "కొడుకు నెత్తురు నాకు కనవడ్తలేదా? గది పగ గాదురా. మన పొట్టేలుకు రాదా గీ మదం? కాలం తీరితే దిగుతది. తాడు తే, రంపం తే!"

కాళ్ళు కట్టి కొమ్ములు కోసేశారు. కోసిన చోట చుక్క నెత్తురు రాలేదు; దొడ్లో ఉన్నదంతా చిన్నాయనదే. ఆయన ప్రాణం దక్కింది కానీ, కాలు మళ్ళీ సరిగ్గా నేలకు ఆనలేదు.

వానలు ముదిరాక మొండికొమ్ములు వాటంతటవే రాలిపోయాయి. మెడ సన్నబడింది. ఒకరోజు అది వచ్చి చిన్నాయన అరచేతిని నాకింది. ఇక భయం లేదనుకుని నేను ఉరికితే అవ్వ ఆపింది.

"కొమ్ములు మల్ల మొలుస్తయి బిడ్డా. మల్ల గీ కాలమే వస్తది. దాని తప్పు లేదు. గని ఇంట్ల దానికి జాగా లేదు."

చిన్నాయనే కుంటుకుంటూ దాన్ని అడవి లోపలి దాకా నడిపించి వచ్చాడు. మర్నాడు అది తిరిగొచ్చి దొడ్డి తడిక ముందు నిలబడింది. ఆయన లోపల కూర్చుని ఏడ్చాడు కానీ తడిక తీయలేదు. పొద్దు వాలేదాకా చూసి, అది వెళ్ళిపోయింది.

తర్వాత నా బతుకులో, నేను ప్రేమించిన కొందరికి తలుపు మూయవలసి వచ్చింది. ఎవరి మీదా పగ పెట్టుకోకుండానే మూశాను.